మా ఊరి నిప్పుకట్టు

కర్నూల్లో మేముండే వీధి మలుపులో, ఊడ్చిన చెత్తనంతా కుప్పపోసి పొద్దున్నే అగ్గిపుల్ల గీసి వెళ్ళిపోతారు. ఎండిన వేపాకూ కానుగాకూ కాలేటప్పటి ఆ చేదుచేదు పొగ ముందుగా మా వరండాలోకి వస్తుంది, దాని వెనకాలే ప్లాస్టిక్ సంచుల కంపు తగులుకుంటుంది, అప్పుడు లేచి కిటికీలు వేసుకోవాలి. ఆకుపొగకూ ఆ కంపుకూ మధ్యనుండే కాసేపట్లో మాత్రం నేను కర్నూల్లో ఉండను. నవారు మంచం మీద పడుకున్న మా అమ్మా ఉండదు. ఎనభై దాటిన మనిషి, చెవులు సగమే పనిచేస్తాయి, కళ్ళు అంతకన్నా తక్కువ, ముక్కు మాత్రం పదహారేళ్ళ పిల్లది. తల ఎత్తకుండానే, "ఎవురో కసువు కాలుస్తాండారు. గాలి చూసినారో లేదో," అంటుంది. ఇది టౌనమ్మా, ఇక్కడ గాలి చూసే తీరిక ఎవరికీ లేదు, అంటాను. ఆ మాట ఆమెకు వినపడదు, వినపడినా ఒప్పుకోదు. ఆమె కాపురం చేసిన ఊరు అట్లాంటిది.

ఆ ఊరు వేంపల్లెకు పడమటగా, పొద్దున బండి కడితే మధ్యాహ్నం సంగటి వేళకు చేరే దూరంలో ఉండేది. నేను చెప్పేది స్వరాజ్యం రావడానికి చాలా ముందటి మాట. మట్టిమిద్దెలు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని, తక్కినవన్నీ బోదగడ్డి కప్పిన కొట్టాలు. ప్రతి ఇంటి వెనకా ఒక దొడ్డి, దొడ్లో ఒక మూల ఎద్దుల కొట్టం, ఇంకో మూల పేడదిబ్బ, దాని పక్కన ఏడాదికి సరిపడా జొన్నచొప్ప పేర్చిన వామి, వామిని ఆనుకొని కంపకట్టెల మోపులు, గోడల నిండా చేతి అచ్చులతో పిడకలు. మాఘం పోయి ఎండ ముదిరేసరికి ఇవన్నీ గలగలలాడేంతగా ఎండిపోయేవి. పడమటి గాలి రేగిందంటే దుమ్ములో ఎదురింటి మనిషి కనపడేవాడు కాదు. మా ముత్తాతల కాలంలో ఎవరో వాకిట్లో కసువుకు పెట్టిన నిప్పు గాలికి లేచి ఊరు ఈ కొసనుంచి ఆ కొసకు కాలిపోయిందట. ఆ బూడిదలో కూర్చొని పెద్దలు పెట్టుకున్న కట్టుబాటే నిప్పుకట్టు. దాన్ని ఏ సర్కారూ పెట్టలేదు, ఎక్కడా రాసి లేదు. శివరాత్రి మర్నాడు తలారి చెన్నయ్య తప్పెట కొట్టుకుంటూ వీధివీధీ తిరిగి చెప్పేవాడు. అంతే, చూరునీళ్ళు కారేంత వాన పడేదాకా ఊరు ఊరంతా దానికి తలొంచాల్సిందే.

కసువు ఎప్పుడుపడితే అప్పుడు కాల్చడానికి లేదు. ఇంట్లో ఊడ్చిందీ, వాకిట్లో ఊడ్చిందీ, ఎద్దులు తినగా మిగిలిన చొప్పదంట్లూ, శనక్కాయ పొట్టూ, చింతాకూ అన్నీ దొడ్లో ఒక గుంటలో పోగేసి ఉంచుకోవాలి. ఏ వారానికో రెండు వారాలకో ఒకసారి, ఇంకా చీకటి విడీవిడకముందే చెన్నయ్య చావిడి ముందర నిలబడి దోసెడు జొన్నపొట్టు పైకెగరేసేవాడు. ఆ పొట్టు పక్కకు పోకుండా ఆయన కాళ్ళ దగ్గరే రాలితే తప్పెట మోగేది. ఆ మోత వింటే చాలు, పిల్లలం దుప్పట్లు తన్ని లేచేవాళ్ళం. ఆడవాళ్ళు కొంగులు బిగించి, నిండు కడవ ఒకటీ, తడిపిన గోనెపట్ట ఒకటీ గుంట పక్కన పెట్టుకొని, పొరుగింటి మనిషినొకరిని పిలిచి నిలబెట్టుకొని అప్పుడు నిప్పు ముట్టించేవాళ్ళు. పొరుగు మనిషి లేకుండా ముట్టించడం తప్పు, ఎంత పెద్దింటివాళ్ళైనా సరే. ఊరినిండా నీలంగా పొగలు నిలువునా లేచేవి. మేం ఆ నిప్పుల్లో గెనుసుగడ్డలు పడేసి, సగం మాడి సగం పచ్చిగా ఉన్నవాటిని మూతులు నల్లగా చేసుకొని తిని, కాలిన పుల్లలు చల్లారాక వాటి మసితోనే మీసాలు దిద్దుకొని వీధిలో పెద్దమనుషుల్లాగా పంచాయతీలు చెప్పేవాళ్ళం. ఎండాకాలంలో మాకదొక పండగ.

అసలు కష్టం ఆ తర్వాత ఉండేది. మంట ఆరిపోయింది కదా అని వదిలిపెట్టకూడదు. బూడిదను వాకిట్లో పల్చగా పరచి, కడవ నీళ్ళు దాని మీద చల్లి, ఒట్టి చేయి లోపలికి పెట్టి అడుగుదాకా కలబెట్టి చూడాలి. ఆ పగలూ ఆ రాత్రీ అక్కడే ఆరబెట్టి మర్నాడు పొద్దున గానీ పేడదిబ్బలో వెయ్యకూడదు. ఇక వంటపొయ్యికి వేరే కట్టు. బారెడు పొద్దెక్కకముందే వంటలు అయిపోయి పొయ్యిలో మంట తీసేయాలి, మళ్ళీ గాలి పడిపోయే సాయంత్రం దాకా ఊళ్ళో ఎక్కడా పొగ కనపడకూడదు. మధ్యాహ్నాలు చల్ల పోసుకొన్న కొర్రసంగటి, ఊరుబిండి పచ్చడి, పచ్చి ఉల్లిగడ్డ, అదే రాజుకైనా రెడ్డికైనా. పెండ్లింటికీ పురిటింటికీ ఊరి పెద్దలు పగలు పొయ్యి వెలిగించే సెలవిచ్చేవాళ్ళు. పీర్లపండగ ఎండాకాలంలో వస్తే నిప్పుల గుండం చుట్టూ కడవలు వరసగా పెట్టుకొని మగవాళ్ళు కాపలా ఉండేవాళ్ళు. ఇన్ని ఆంక్షలతో బతికామా అని ఇప్పుడనిపిస్తుంది గానీ, అప్పుడు అవి ఎండతో పాటు వచ్చి వానతో పాటు పోయే సంగతులు, అంతే.

ఈ కట్టుకు చెన్నయ్య తప్పెట ఎంతో, మా జేజి నోరు అంత. మా నాయనకు తల్లి. సన్నగా, పొడుగ్గా, ఎండిన కందికట్టె మాదిరి ఉండేది. తెల్లవారుజామున లేచి దొడ్లోకి పోయి వేలు తడిపి గాలికి పెట్టి చూడటం ఆమెకు మొహం కడుక్కోవడం లాంటి పని. ఎవరింట్లోనైనా పొద్దెక్కాక పొగ కనపడితే వాళ్ళ వాకిట్లో నిలబడి అందుకొనేది, ఇక ఆ ఇంటి ఏడుతరాలూ బయటికి వచ్చేవి. అట్లని ఆమెను తిట్టుకొనేవాళ్ళు లేరు. ఎందుకంటే ఆ రోజుల్లో అగ్గిపెట్టె ప్రతి ఇంట్లో ఉండేది కాదు, ఉన్నా పొదుపుగా వాడుకొనేవాళ్ళు. మా ఇంటి పొయ్యిలో మాత్రం బూడిద కింద ఎప్పుడూ రెండు పిడకల నిప్పు ఉండేది. కోడి కూసేసరికి చుట్టుపక్కల ఆడవాళ్ళంతా పిడకముక్కలు పట్టుకొని మా గడప ముందర చేరేవాళ్ళు. జేజి ఆ బూడిదను పుల్లతో తీసి, ఊది, ఒక్కొక్కరికి నిప్పు అంటించి ఇచ్చేది, ఇస్తూ ఒక్కొక్కరికీ ఒక చురక కూడా అంటించేది. "నీ మొగుడు చుట్ట తాగి యాడ పారేస్తాండాడో చూసుకో మే," అని ఒకరికి, "నిన్న మీ కసువు బూడిద చేయి పెట్టి చూసినావా, కాలు పెట్టి చూసినావా?" అని ఇంకొకరికి. గోడ అవతల ఇంటి మస్తానమ్మ, దూదేకుల వాళ్ళ కోడలు, రోజూ అందరికన్నా ఆఖరున వచ్చి నవ్వుతూ, "అత్తా, అగ్గి ఇయ్యి, తిట్లు అప్పు పెట్టు," అనేది.

ఇంత జాగ్రత్త పడినా నిప్పు జారిన ఇల్లు ఉంటే దానికి పెద్దలు ఒక శిక్ష పెట్టి ఉన్నారు. దాన్ని పొయ్యికట్టు అనేవాళ్ళు. మామూలుగా వెలివేయడమంటే నిప్పూ నీళ్ళూ రెండూ బంద్ చేయడం. మా ఊరి పెద్దలెవరో దయగలవాళ్ళు దాన్ని సగం చేశారు. నిప్పు జారిన ఇంటివాళ్ళు చూరునీళ్ళ వాన పడేదాకా తమ ఇంట్లో నిప్పన్నది పెట్టకూడదు. దీపం కూడా లేదు. కానీ ఆకలితో ఉండకూడదు. ఊళ్ళోని ఇండ్లు వంతులు వేసుకొని రెండుపూటలా వాళ్ళకు వండిపంపాలి. మేం పిల్లలం ఇది గొప్ప భోగమనుకొనేవాళ్ళం. రోజుకొక ఇంటి కూర! మా ఇంటికి ఎప్పుడొస్తుందో అని నేను ఒకసారి అన్నందుకు జేజి నా చెవి మెలితిప్పింది.

ఒక ఏడు అది మా ఇంటికే వచ్చింది. అంతకుముందు ఏడు వానలు సరిగా లేవు. మా దొడ్డి బావిలో నీళ్ళు అడుగుకు పోయి, చేద దించితే సగం బురద, సగం కప్పలు. మనుషులకే తూచి తాగాల్సిన కాలం. అమ్మ అప్పుడు నిండు నెలల మనిషి. నా తర్వాత చాలా ఏండ్లకు నిలిచిన కాన్పు కాబట్టి ఇంట్లో ఆమె నడిస్తే కాళ్ళు కందిపోతాయేమో అన్నట్టు చూసేవాళ్ళు. పుట్టిల్లు ఉంది గానీ పుట్టింట్లో తల్లి లేదు. అందుకని కాన్పు మా ఇంట్లోనే అని జేజి తేల్చేసింది. మగబిడ్డే పుడతాడని కూడా తేల్చేసింది, ఎవరూ ఎదురు చెప్పే ధైర్యం చేయలేదు.

ఆ రోజు పొద్దున తప్పెట మోగింది. జేజి కసువు కాల్చింది, మస్తానమ్మ పక్కన నిలబడింది, అన్నీ పద్ధతిగానే జరిగాయి. నిండు కడవ పక్కనే ఉంది. బూడిద పరిచింది, చేయి పెట్టింది, అడుగుదాకా కలబెట్టింది, చల్లగా ఉంది. ఆ సమయంలో కొట్టంలో దూడ నాలుక బయటపెట్టి అరుస్తోంది. కడవలో నీళ్ళు బూడిదలో పోయడానికి ఆమెకు చేయి రాలేదు. ఆ నీళ్ళు తీసుకుపోయి దూడకు పెట్టింది. నాయన ఆ పొద్దు చేనికి ఎరువు తోలుతున్నాడు, బండి వాకిట్లో ఉంది, కసువు బూడిద చేనికి మంచి బలం. చేతికి చల్లగానే తగిలింది కదా, ఆ చేయి అంతవరకూ ఎన్నడూ అబద్ధం చెప్పలేదు కదా, అని మర్నాటిదాకా ఆగకుండా గంపకెత్తి దిబ్బలో పోసింది. బండి ఒక తూరి నింపుకొని పోయింది, ఎద్దులు అలిసిపోయాయని నాయన రెండోసారి తోలలేదు. బూడిదలో చాలామటుకు దిబ్బలోనే మిగిలిపోయింది.

పేడదిబ్బ లోపల ఏ చిన్న కణిక ఉండిపోయిందో ఎవరికి తెలుసు. కొన్నాళ్ళు అది లోపల్లోపలే కుమిలింది. పొగ లేదు, వాసన లేదు. ఒకరోజు మధ్యాహ్నం పడమటి గాలి విరుచుకుపడి దిబ్బ పైనున్న ఎండుపేడను లేపేసింది, కింద ఎర్రగా కనపడింది. మేము అరుగు మీద గచ్చకాయలు ఆడుకుంటున్నాం. ఎవరో అరిచారు. చూసేసరికి మా దిబ్బకు తూర్పుపక్క దొడ్లో ఓబులన్న మామ చొప్పవామి పైభాగాన ఒక సన్నని మంట పాకుతోంది, అంతలోనే వామంతా ఒక్కటే మంట. జనం గోనెలు, కంపలు, మట్టి, ఏది దొరికితే అది తెచ్చి కొట్టారు. నీళ్ళుంటే కదా పోయడానికి! ఊరు దక్కింది, కొట్టాలు దక్కాయి, వామి మాత్రం మిగల్లేదు. ఓబులన్న మామ కూర్చుండిపోయి, ఆ వేడికి జుట్టు ముడుచుకుపోతున్నా లేవలేదు. ఆ కరువులో మళ్ళీ ఒక్క మోపు చొప్ప పుట్టే దారి లేదు. తర్వాతి వేంపల్లె సంతకు ఆయన తన ఎద్దుల్ని తోలుకుపోయాడు. వీధి మలుపు దగ్గర ఆ జతలోని మచ్చల ఎద్దు వెనక్కి తిరిగి నిలబడిపోయింది. ఎవరూ దాన్ని అదిలించలేకపోయారు, చివరికి ఆయనే మెడ పట్టుకొని ఏదో చెప్పి నడిపించుకుపోయాడు.

వామి ఇంకా పొగలేస్తుండగానే జేజి ఇంట్లోకొచ్చి, పంచాయతీ ఏదీ కూడకముందే, తాగేనీళ్ళ కడవెత్తి పొయ్యిలో గుమ్మరించింది. సుయ్యిమని ఇల్లంతా బూడిద లేచింది. నాయన, "అమ్మా, పెద్దలు ఏమంటారో చూద్దాం, ఆగు," అంటున్నా వినలేదు. "పెద్దలేందిరా అనేది? నా చేత్తో చూసి నా చేత్తోనే వేసినా," అంది. అంతకుముందు ఆమె ఏడవడం నేను చూడలేదు, ఆ రోజూ ఏడవలేదు. కుడిచేయి తిప్పి తిప్పి చూసుకుంటూ ఉండిపోయింది.

రోజుకొక ఇంటి కూర తినడమంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. ఎవరూ తక్కువ చేయలేదు. తమ ఇంట్లో జొన్నరొట్టెలు తినేవాళ్ళు కూడా మాకు కొర్రన్నం పంపేవాళ్ళు, ఉలవచారు, గోంగూర, వాళ్ళ దగ్గరున్న ఆఖరి గరిటెడు నెయ్యి. మోసుకొచ్చినవాళ్ళు గడపలో పెట్టి తల వంచుకొని పోయేవాళ్ళు, మా నాయన తల వంచుకొని తీసుకొనేవాడు. పొద్దున్నే నిప్పుకోసం మా గడపకు వచ్చేవాళ్ళు ఇప్పుడు మస్తానమ్మ గడపకు పోతూ, మా ఇంటి ముందు అడుగుల చప్పుడు కాకుండా నడిచేవాళ్ళు. జేజి ఒక్కపూటే తినేది. ఓబులన్న మామ ఇంటి వంతు వచ్చిన రోజు అదీ తినలేదు. ఆయన భార్య తెచ్చిన సంగటి ముద్దను కళ్ళకద్దుకొని మూత పెట్టేసింది. మేం ఆకాశం వంక చూడని పొద్దు లేదు. రోజూ మధ్యాహ్నానికి మబ్బు కమ్మేది, గాలి లేచేది, దుమ్ము రాలేది, వాన మాత్రం ఎక్కడో కొండల అవతల పడినట్టు మట్టివాసన పంపి ఊరుకొనేది.

అమ్మ రోజులు దగ్గరపడ్డాయి. పొయ్యిలేని ఇంట్లో పురుడెట్లా? వేణ్ణీళ్ళు కావాలి, తినిపించడానికి కాయం మందు కావాలి, సాంబ్రాణి పొగ కావాలి, బాలింత మంచం కింద కుంపటి కావాలి. ఇంకొకరి ఇంటికి తీసుకుపోదామంటే, పరాయింట్లో పురుడు పోసుకోవడం ఆ ఇంటికీ మంచిది కాదు, ఈ ఇంటికీ మంచిది కాదని నమ్మకం. నాయన చావిడికి పోయాడు, నేను ఆయన వేలు పట్టుకొని పోయాను. పెద్దలు చాలాసేపు కూర్చున్నారు. వాళ్ళలో ఒక్కరికి కూడా కడుపుతో ఉన్న మనిషిని బాధపెట్టాలని లేదు, అది నాకు ఇప్పటికీ తెలుసు. పురిటింటికి సెలవుంది కదా అని ఒకరు, పొయ్యికట్టు పడిన ఇంటికి ఏ సెలవూ లేదు కదా అని ఒకరు, కట్టు ఒకరికి వదులు చేస్తే రేపు ఎవరు వింటారని ఇంకొకరు. చివరికి ఓబులన్న మామను అడిగారు. ఆయన నేల చూపులు చూస్తూ, "నన్నడగొద్దండప్పా. సరే అంటే పోయిన నా ఎద్దులు రావు, వద్దంటే ఆ పాపం నాది. ఊరెట్లంటే అట్ల," అన్నాడు. మా ఊరి రెడ్డి గడ్డం గోక్కొని గోక్కొని ఒక దారి తీశాడు. మా గోడ అవతలే మస్తానమ్మ ఇల్లు కాబట్టి, ఆ పొయ్యికి పగలూ రాత్రీ సెలవు. కావాల్సినవన్నీ ఆమె తయారుచేసి గోడ మీదుగా అందించాలి. వేణ్ణీళ్ళు, గంజి, కాయం, కాపడానికి వేడి ఇసుక మూట, అన్నీ ఒక్కొక్కటిగా గుర్తు తెచ్చుకొని చెప్పారు. ఏదీ మర్చిపోలేదనుకొని అందరూ తేలికపడ్డారు. ఇంటికొచ్చి చెబితే జేజి, "సరిపాయ, ఇంగేం కావాల?" అంది. 

నొప్పులు ఒకరోజు పొద్దు వాలుతుండగా మొదలయ్యాయి. ఊరి బయట పేట నుంచి మంత్రసాని సుందరమ్మ వచ్చింది. మా ఊళ్ళో పుట్టిన పిల్లలందరూ ఆమె చేతుల్లో పడ్డవాళ్ళే, నేనూ అంతే. తెల్లచీర, మెడలో నల్లదారానికి చిన్న సిలువ, గదిలోకి పోతూ కళ్ళు మూసుకొని ప్రార్థన చేసుకొనేది. గోడ మీద చేతులు వస్తూనే ఉన్నాయి, కడవలు, గిన్నెలు, మూటలు. "వదినె ఎట్లుండాది?" అని మస్తానమ్మ అడగడం, "బాగుండాది, ఇంగో కడవ తీయి," అని జేజి అనడం. పిల్లలు గదిలోకి పోకూడదు కాబట్టి నేను వంటింట్లో చల్లటి పొయ్యి పక్కన కూర్చొని ఉన్నాను. అమ్మ గట్టిగా అరిచింది, తర్వాత సన్నగా ఒక ఏడుపు వినపడింది. ఆ వెంటనే సుందరమ్మ వంటింట్లోకి వచ్చింది. చేతిలో బొడ్డు కోసే చిన్న కొడవలి. ఏ ఇంట్లో కాన్పుకైనా ఆమె ఆ కొడవలిని పొయ్యిమంటలో ఎర్రగా కాల్చి తీసుకుపోయేది. బిడ్డకు గాలీ ధూళీ సోకకుండా చేసే తంతు అది అని ఊళ్ళో అందరూ అనుకొనేవాళ్ళు, ఆమె కూడా అట్లే అనుకొనేది, వాళ్ళమ్మ చేసేది కాబట్టి తానూ చేసేది. అలవాటు చొప్పున పొయ్యి ముందర వంగింది. పొయ్యిలో తడిసి గట్టిపడిన బూడిద ఉంది.  నా వంక చూసి, "దేవుడే చూసుకుంటాడులే పాపా," అని కొడవలిని కొంగుతో తుడిచి లోపలికి పోయింది.

తమ్ముడు పుట్టాడు. జేజి చెప్పినట్టు మగబిడ్డే. నల్లగా, బొద్దుగా, తలనిండా జుట్టుతో, ఆకలైతే ఇల్లు లేచిపోయేట్టు ఏడ్చేవాడు. ఆ కొద్దిరోజులూ మా ఇంట్లో నిప్పు లేదన్న సంగతే మర్చిపోయాం. జేజి వాడి పిడికిలి విప్పి తన వేలు అందులో పెట్టి, "పట్టు చూడు మే, కాడి పట్టుకున్నట్లు పట్టుకుంటాండాడు," అని మురిసేది. పురిటి స్నానం కాకముందే ఒక పొద్దున వాడు పాలు తాగలేదు. నోరు తెరవలేకపోయాడు. దవడలు బిగుసుకుపోయి, ఎవరు తాకినా, గిన్నె చప్పుడైనా ఒళ్ళంతా విల్లులాగా వంగిపోయేది. ఏడవాలని చూసేవాడు, ఏడుపు వచ్చేది కాదు. మస్తానమ్మ మొగుడు దర్గా నుంచి తాయెత్తు తెచ్చి కట్టాడు. సుందరమ్మ వాకిట్లో మోకాళ్ళ మీద కూర్చొని ప్రార్థన చేసింది. నాయన అహోబిలం నరసింహస్వామికి మొక్కుకొని ముడుపు కట్టాడు. కడప ఆస్పత్రికి తీసుకుపోదామని బండి కట్టాడు కూడా. బండి కుదుపుకు వాడు విలవిల్లాడిపోతుంటే చూడలేక ఊరి పొలిమేర నుంచే వెనక్కి తిప్పాడు. ఇంతమందిమి ఉండి, ఇన్ని దేవుళ్ళను పిలిచి, చేయగలిగింది ఒక్కటీ లేదు. వాడు అమ్మ ఒళ్ళోనే పోయాడు. ఇంకా పేరు పెట్టలేదు. ఇప్పటికీ వాడిని తలుచుకోవాలంటే నాకు పిలవడానికి పేరు లేదు.

ఓబులన్న ఎద్దుల ఉసురు తగిలిందని ఊళ్ళో అన్నారు. చాటుగా కాదు, జాలిగానే అన్నారు. మా జేజీ అదే నమ్మింది, అమ్మా అదే నమ్మింది. నమ్మడానికి ఇంకేముంది వాళ్ళ దగ్గర?

వాడిని పూడ్చిన వారం తిరక్కుండానే వాన వచ్చింది. చూర్లు ధారలుగా కారాయి, పిల్లలందరూ వీధుల్లోకి ఉరికారు, నేను పోలేదు. పొయ్యికట్టు విడిచే పద్ధతి ఒకటి ఉంది, నష్టపోయిన ఇంటి ఇల్లాలే నిప్పు తెచ్చి ఆ పొయ్యి వెలిగించాలి. ఓబులన్న మామ భార్య తలమీద గోనె కప్పుకొని, కుండపెంకులో నిప్పుకణికలు తడవకుండా పొట్టకు ఆనించి పట్టుకొని వచ్చింది. పొయ్యి ముందర కూర్చొని ఊదుతూ వెక్కివెక్కి ఏడ్చింది. జేజి ఆమె వీపు నిమిరింది. ఆ పొద్దు నుంచి జేజి మళ్ళీ కసువు కాల్చలేదు. తప్పెట మోగినా లేచేది కాదు. ఊడ్చిందంతా గంపకెత్తి చేనికి మోసుకుపోయి గుంట తీసి పూడ్చేది.

మరుసటి ఏడు ఉగాదికి ఓబులన్న మామ ఎట్లనో తంటాలు పడి ఇంకో జత ఎద్దుల్ని తెచ్చుకున్నాడు. ఆ పండగ నాడు అమ్మ పూర్ణం పెట్టి ఓళిగలు చేసి, దేవుడికి కూడా పెట్టకముందు మొదటి ఓళిగ పట్టుకొని వాళ్ళ కొట్టంలోకి పోయి ఆ ఎద్దులకు తినిపించింది. వాటి ముట్టె నిమిరి దండం పెట్టింది. ఆ ఎద్దులకు ఏ పాపమూ తెలియదు, ఏ శాపమూ తెలియదు, ఓళిగ బాగుందని నాలుక సాచాయి. అప్పటి నుంచి ఏ ఉగాదికీ అమ్మ అది తప్పించలేదు. ఆమెకు మళ్ళీ కాన్పు రాలేదు.

చాలా ఏండ్లు గడిచి, స్వరాజ్యం రాబోతోందని అందరూ అనుకొంటున్న రోజుల్లో నాకు మొదటి కాన్పు మిషన్ ఆస్పత్రిలో అయింది. బిడ్డనెత్తుకొని ఊరికి వచ్చాను. జేజి అప్పటికి వంగిపోయింది, చూపు ఆనేది కాదు. బిడ్డను ఒళ్ళో పెట్టుకొని వేళ్ళతో తడిమి చూస్తూ, బొడ్డు దగ్గర ఆగి, "ఆడ బొడ్డు దేంతో కోస్తారు మే?" అని అడిగింది. నేను ఆస్పత్రి చూసొచ్చిన గొప్పతో గుక్క తిప్పుకోకుండా చెప్పాను. కత్తెర జేజీ, దాన్ని మంట మీద నీళ్ళలో సలసలా మరగబెడతారు, ఊరికే తుడిచి కోస్తే బిడ్డకు నోరు కట్టేసే జబ్బు వస్తాదంట, నర్సమ్మ చెప్పింది, అన్నాను. ఆ మాటలు నోట్లోంచి బయటికి పోయిన తర్వాత నాకు వాటి అర్థం తెలిసింది. వంటింట్లో తడిసిన బూడిద ముందర వంగిన సుందరమ్మ నా కళ్ళ ముందు నిలబడింది. జేజి చేయి బిడ్డ పొట్ట మీద కదలకుండా ఉండిపోయింది. మాటను వెనక్కి తీసుకోవడానికి ఏదైనా దారి ఉంటే ఆ రోజు నేను ప్రాణమైనా ఇచ్చేదాన్ని. ఆమె, "అట్లనా," అంది. బయట దొడ్లో అమ్మ గిన్నెలు తోముతున్న చప్పుడు వినపడుతోంది. జేజి అటువైపు తల తిప్పి, గొంతు తగ్గించి, "మీ అమ్మకు చెప్పొద్దు మే. ఎద్దుల ఉసురనే ఉండనీ," అంది.

నేను చెప్పలేదు. అమ్మకు చదువు రాదు కాబట్టే ఇది ఇప్పుడు రాయగలుగుతున్నాను. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో నాకు ఇన్నేండ్లలోనూ తెలియలేదు. ఆ కట్టు లేకపోతే ఊరే ఉండేది కాదు. జేజి నీళ్ళు పోసింది దాహంతో ఉన్న దూడకు. సుందరమ్మ ఎవరికీ కీడు తలపెట్టలేదు. పెద్దలు తమకు తెలిసినంతలో అన్నీ గుర్తుపెట్టుకున్నారు. తలారి తప్పెట పోయింది, వాములు పోయాయి, బోదకొట్టాల స్థానంలో సిమెంటు మిద్దెలు వచ్చాయి, గాలి ఎటు వీస్తోందో ఇప్పుడు మా ఊళ్ళో కూడా ఎవరూ చూడరు.

ఏటా ఉగాదికి అమ్మను కర్నూలు నుంచి బస్సులో ఊరికి తీసుకుపోతాను, ఆమె ఓళిగ మానదు కాబట్టి. మొన్నటి ఉగాదికీ పోయాం. అమ్మ గోడ పట్టుకొని, చేతిలో ఆకులో చుట్టిన వేడి ఓళిగతో ఓబులన్న మామ మనవడి దొడ్లోకి నడిచింది. కొట్టం లేదు. అది ఉండే చోట రేకుల షెడ్డు వేసి ఎర్ర ట్రాక్టరు పెట్టుకున్నాడు. పోయిన కార్తీకంలో ఎద్దుల్ని అమ్మేశానవ్వా, మేపలేక, అని ఆ అబ్బాయి నెమ్మదిగా చెప్పాడు. అమ్మకు సగం వినపడింది. చేయి చాచి గాలిలో ఎద్దు ముట్టె కోసం తడిమింది, చల్లని ఇనుము తగిలింది. నా వైపు తిరిగి, "ఇప్పుడు ఇది యాడ పెట్టాల మే?" అని అడిగింది.